కోడిపెట్ట మూత

ఆయన పోతూ పోతూ గొప్ప న్యాయం చేసి పోయాడు. అద్దాల బీరువా భార్యకట, అందులోని పింగాణీ టీపాట్లన్నీ చెల్లెలికట. తొండంలోంచి టీ వచ్చే ఏనుగు ఒకటి, పడుకున్న పిల్లి ఒకటి, క్యాబేజీ ఒకటి, పెంకుటిల్లు ఒకటి, రెక్కలు ముడుచుకు కూర్చున్న కోడిపెట్ట ఒకటి, ఇంకా ఇలాంటి సంత చాలా ఉంది. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టడం చేతకాని మనిషి, ఊరూరూ తిరిగి టీపాట్లు పోగేశాడు. ఒక్కదాంట్లోనూ టీ పోసిన పాపాన పోలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి వాటి దుమ్ము దులిపింది మాత్రం వదినే.

ఆమెను జీవితంలో అందరికంటే ఎక్కువగా పిలిచింది ఆడపడుచే కాబట్టి మనమూ వదిన అనే అందాం. ఆడపడుచు పెళ్ళి చేసుకోలేదు. బళ్ళో లెక్కలు చెప్పుకుంటూ అన్న ఇంట్లోనే ఉండిపోయింది. జుట్టూ జుట్టూ పట్టుకోవలసిన పనిని మాటలతోనే కానిచ్చుకుంటూ, ఇద్దరూ ఒకే వంటింట్లో ముసలివాళ్ళయ్యారు. అన్న పోయాక ఆడపడుచు, లిఫ్టు లేని మేడ ఎక్కడం మోకాళ్ళకి పడటం లేదంటూ ఇంకో ఊళ్ళో స్నేహితురాలి పక్కన కింది వాటా చూసుకుని వెళ్ళిపోయింది.

"చేరగానే ఫోన్ చెయ్యి" అంది వదిన మెట్ల మీద నిలబడి.

"చేస్తాలే వదినా, నేనేం చందమామ మీదికి వెళ్తున్నానా" అంది ఆడపడుచు.

చేయలేదు. గడప దాటినవాళ్ళు చేరారని తెలిసేదాకా వదినకి ముద్ద దిగదు. సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఆసుపత్రికి వెళ్ళిన ఆయన ఎలా వచ్చాడో చూసింది కదా. పోనీ తనే ఫోన్ చేయొచ్చుగా అంటే, ముందు ఎవరు చేస్తే వాళ్ళు ఓడినట్టు. ఆ ఇంట్లో అదొక రాజ్యాంగం.

చివరికి ఫోన్ చేయించింది ఏనుగే. వదిన మొట్టమొదట పార్సిల్లో పంపిన ఏనుగు చేరిన రోజు ఆడపడుచు ఫోన్ చేసి, అందిందని ఒక్క మాట చెప్పి, పెట్టె కట్టిన తీరు మీద అరగంట వంకలు పెట్టింది. ఆ రాత్రి వదిన కడుపు నిండా తిని పడుకుంది. తెల్లారి బీరువా ముందు నిలబడి, ఇక మిగతావి ఒక్కొక్కటిగానే పంపాలని తీర్మానించుకుంది.

"అన్నీ ఒకే పెట్టెలో పెడితే సగం ఖర్చు తగ్గుతుంది కదమ్మా" అంది కూతురు.

"ఒకే పెట్టె అయితే ఒక్కసారి పడేసినా అన్నీ పోతాయి."

"ఒక్కొక్కటీ పంపితే ఒక్కొక్కసారి పడేస్తారు."

"అప్పుడు ఒక్కటేగా పోయేది."

"నీ లెక్క అత్తయ్య వింటే బెంచీ ఎక్కిస్తుంది నిన్ను."

పార్సిల్ ఆఫీసులో తూకానికి ముందు పెట్టె పొడుగూ వెడల్పూ కొలుస్తారు. లోపలున్న గాలిక్కూడా డబ్బు పుచ్చుకునే వ్యాపారం లోకంలో ఇదొక్కటే కాబోలు. అందుకని వదిన గాలికి చోటివ్వడం మానేసింది. మందుల షాపులో అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు. గుడ్ల అట్టలు కత్తిరిస్తే మెత్తటి గోడలు. పాత పేపర్లు నలిపి పాట్ కడుపులో కుక్కడం, ముక్కుకీ పిడికీ విడిగా గుడ్డ చుట్టడం, చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టడం, అన్నీ నేర్చుకుంది. మూత మాత్రం ఎప్పుడూ పాట్ మీద ఉంచదు. దాన్ని ఆయన పాత సాక్సులో దూర్చి, పెట్టె అడుగున టేపుతో అంటిస్తుంది. ఆయన సాక్సులు ఒక పనికొచ్చాయి.

కట్టడం అయ్యాక చెవి దగ్గర పెట్టి ఊపుతుంది. చప్పుడు వస్తే మళ్ళీ విప్పుతుంది. రాకపోతే, ఎందుకు రాలేదా అని అనుమానపడి విప్పుతుంది.

"మళ్ళీ వచ్చారా పిన్నిగారూ, ఈసారి ఏ జంతువు?" అనేది కౌంటర్లో కళ్ళద్దాలావిడ.

"పిల్లి. ఆ పగిలిన గ్లాసు బొమ్మ స్టిక్కర్ ఉంది చూడు, నాలుగు పక్కలా వెయ్యి. విసిరేవాళ్ళకి గురి చూసుకోడానికి వీలుగా ఉంటుంది."

పిల్లి చేరింది. క్యాబేజీ చేరింది. చేరిన ప్రతిసారీ ఫోన్ మోగింది. పెంకుటిల్లు పొగగొట్టం మీద గీత పడిందని ఆడపడుచు, అది మీ అన్నయ్య కొన్ననాడే ఉందని వదిన, గంటసేపు వాదించుకున్నారు. ఎంత హాయిగా గడిచిందో.

బీరువాలో అరలు ఖాళీ అవుతున్నకొద్దీ వదిన కట్టే వేగం తగ్గింది. చివరికి కోడిపెట్ట ఒక్కటే మిగిలింది. ఇదీ చేరితే ఆ ఫోన్‌కి ఇక ఏం పని? కోడిపెట్టను చాలా రోజులు ఆపింది. ఊరికే దుమ్ము దులిపింది. కానీ చెల్లెలి సొత్తు వదిన దాచుకుందన్న మాట పడటం కంటే చావు మేలు. కట్టింది. ఊపింది. విప్పింది. మళ్ళీ కట్టి పంపింది.

ఫోన్ వచ్చింది.

"వదినా, కోడిపెట్ట అందింది. మూతేది?"

"మూతేదేమిటి?"

"మూత లేదు. వట్టి కోడి వచ్చింది. మొండిగా, వీపు లేకుండా. నాకు తెలుసు, ఏదో ఒకటి నీ దగ్గర ఉంచేసుకుంటావని."

"అడుగున చూశావా?"

"చూశాను. ఏమీ లేదు. అయినా ఆ అన్నయ్య సాక్సు ఏమిటి వదినా, ఉతికావా అసలు? పెట్టె విప్పగానే ముక్కు మూసుకున్నాను."

వదిన నోరు తెరిచింది. ఆ పెట్టె మొత్తంలో సాక్సు ఒక్కటే. అది మూతకి తప్ప ఇంక దేనికీ చుట్టలేదు. ఇన్నేళ్ళలో లెక్కల టీచరు మొదటిసారి అడ్డంగా దొరికింది. ఈ ఒక్కటి చాలు, బతికినంత కాలం దెప్పిపొడవడానికి.

ఎదురుగా బీరువాలో ఖాళీ అరలు కనిపించాయి.

వదిన నోరు మూసుకుంది. అంత పెద్ద మాట మింగడం ఆమెకి అలవాటు లేదు.

"ఇక్కడే ఉన్నట్టుంది" అంది. "నా మతి మండ. వచ్చే వారం పంపుతాను."

"తొందరేం లేదులే. జాగ్రత్తగా కట్టు" అంది ఆడపడుచు.

ఇప్పుడు లేని మూతను పంపాలి. వదిన వంటింట్లో కాసేపు నిలబడి, పంచదార సీసా మీది ఎర్ర ప్లాస్టిక్ మూత తిప్పి తీసింది. పదో అంతస్తు నుంచి పడేసినా దానికి ఏమీ కాదు. దాన్ని సాక్సులో దూర్చి, గుడ్ల అట్టల మధ్య పెట్టి, పెట్టెలో పెట్టె పెట్టి, చెవి దగ్గర ఊపి చూసుకుంది. పంచదార సీసా మీద ఒక సాసర్ బోర్లించింది.

"ఈసారి ఏ జంతువు?" అంది కళ్ళద్దాలావిడ.

"మూత. స్టిక్కర్ నాలుగు పక్కలా వెయ్యి."

పార్సిల్ ఆఫీసులో చెప్పిన రోజుకంటే ముందే ఫోన్ వచ్చింది.

"మూత అందింది వదినా. సరిగ్గా సరిపోయింది."

"సరిపోక?"

"రంగే కొంచెం తేడాగా ఉంది."

"ఎండకి వెలిసుంటుంది."

"అవునులే. ఎర్రగా వెలిసింది." కాస్త ఆగి, "ఇంతకీ దీని కింద ఒక సాసర్ ఉండేది కదా, అదేది?" అంది.

కోడిపెట్టకి ఏనాడూ సాసర్ లేదు. వదిన ఫోన్ పట్టుకునే వంటింట్లోకి నడిచి, పంచదార సీసా వైపు చూసింది.

"ఉంది, ఉంది. ఎక్కడికి పోతుంది?" అంది. "ఇది పగిలేది కదా, కట్టడానికి టైం పడుతుంది. ఈలోపు చేశావనుకో, చెప్తాను ఎంతవరకు వచ్చిందో."

"అలాగే చేస్తాలే" అంది ఆడపడుచు.

వదిన సాసర్ తీసి కడిగి తుడిచింది. చీమల సంగతి కూతురు చూసుకుంటుంది.