రెండు కళ్ళ నీలం

కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక జంగయ్యకు మొదట ఇంటి గోడ మారిపోయింది. మీగడ రంగు అనుకున్నది తెల్లగా ఉంది. తర్వాత భార్య సత్తెమ్మ చీర.

"ఆకుపచ్చ చీర కట్టినవనుకున్న," అన్నాడు.

"కొన్నప్పటి సంది ఇది నీలమే," అంది ఆమె చాయ్ వడపోస్తూ.

ఎడమకంటికి ఇంకా చేయించలేదు. ఆ కంటిలో ఎప్పుడూ సాయంత్రమే, అన్నిటికీ తేనె పూసినట్టు. కుడికంటిలో అప్పుడే వాన వెలిసిన పొద్దున. పనిలేనప్పుడు ఒక కన్ను మూసి, మరో కన్ను తెరిచి, ఈ లోకం నుంచి ఆ లోకానికి పోయి వస్తుండేవాడు.

ఎల్బీ నగర్ నుంచి నాగోల్ పోయే రోడ్డు పక్క సందులో అతనిదొక రేకుల షెడ్డు. కార్లకు రంగులు వేస్తాడు. కన్ను కుదుటపడి షెడ్డు తెరిచాక వచ్చిన మొదటి బండి శేషారత్నంది. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన రిటైర్డ్ లెక్చరర్ ఆమె. లేత నీలం రంగు పాత మారుతిని తనే నడుపుకుంటుంది. కొత్తపేట మలుపులో ఆటో తగిలి ముందరి ఎడమ తలుపు నొక్కుకుపోతే, మెకానిక్ పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ తలుపు వెతికి తెచ్చి బిగించాడు. అది తెల్ల తలుపు. దానికిప్పుడు మిగతా కారు రంగు రావాలి. కంపెనీ నీలం కాదు, ఇన్నేళ్ళ ఎండకు వెలిసిన నీలం.

జంగయ్య నీలంలో తెలుపు కలిపాడు, కొద్దిగా నలుపు, ఇంకా కొద్దిగా పసుపు. రేకుముక్క మీద పూసి, ఆరాక కారుకు ఆనించి చూశాడు. ఎడమకంటికి రెండూ ఒకటే. కుడికంటికి మాత్రం రేకుముక్క చెరువులో నాచులా కనిపించింది.

కళ్ళు మసకబారిన ఇన్నాళ్ళూ ఎన్ని కార్లకు ఇట్లా నాచు పూశాడో. షెడ్డు మూసి చౌరస్తాకు నడిచాడు. మెట్రో స్టేషన్ కింద నిలబడి, ఎడమకన్ను చేత్తో మూసుకుని, పోయే కార్లను చూస్తూ ఉండిపోయాడు. వెండిరంగు కార్లు నీళ్ళలో చేపల్లా సాగిపోతున్నాయి. నల్లవాటి మీద ఆకాశం ముక్కలుముక్కలుగా జారిపోతోంది. ఇన్ని రంగులున్న ఊళ్ళోనా తను ఇన్నాళ్ళూ ఉన్నది అనిపించింది.

అంతలో ఒక బూడిదరంగు కారు పండ్లబండి దగ్గర ఆగింది. దాని వెనక తలుపు తను రంగు వేసిందే. కారంతా ఒక తీరు, తలుపొక తీరు. దగ్గరికి వెళితే బత్తాయిలు ఏరుతున్న కారాయన అతన్ని గుర్తుపట్టలేదు.

"అన్నా, గీ తలుపు రంగు కలువలే. చూసినవా?"

"ఏ తలుపు?" ఆయన కారు చుట్టూ తిరిగి వచ్చాడు. "అంత మంచిగనే ఉందిగద. నీకేంది పరేషాన్?"

జంగయ్య వెనక్కి వచ్చేశాడు. గుండె కాస్త తేలికపడింది గానీ నిద్రలో కూడా ఆ నాచుపచ్చ వదల్లేదు.

మర్నాడు శేషారత్నం వస్తే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "మేడం, నా కండ్లు రెండు రెండు తీర్ల చూపిస్తున్నయి. పాత కన్ను సరే అంటది, కొత్త కన్ను కాదంటది. దేని మాట వినాల్నో తెలుస్తలేదు."

ఆమె నవ్వలేదు. "నాకింకా ఆపరేషన్ అక్కర్లేదన్నారండీ డాక్టరు. మీరు కలపండి, నేను చూసి చెప్తాను."

మధ్యాహ్నం దాకా అదే పని. అతను కలిపి పూయడం, ఆమె రేకుముక్కను కారు పక్కన పెట్టి తల వాల్చి చూడడం.

"ఇది మా తెనాలి కాలవ మీద తెల్లారగట్ల ఉండే రంగు. ఇంకాస్త పొద్దెక్కాలి."

అతను తెలుపు వేశాడు.

"ఇప్పుడు ఉతికి ఉతికి పాతబడ్డ యూనిఫాంలా ఉంది. దగ్గరికొచ్చామండీ జంగయ్యగారూ."

తీరా చూస్తే కారే అంతటా ఒకే నీలంగా లేదు. పైకప్పు సుద్దలా ఉంది. హ్యాండిల్ నీడన మాత్రం ముదురు నీలం దాక్కుని ఉంది. జంగయ్య చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. చివరికి తలుపంతా కొత్త రంగు కొట్టి, అతుకు తెలియకుండా దాని తుంపరను పక్క రేకుల మీదికి పోనుపోను పలచగా సాగనిచ్చాడు. షెడ్డు కప్పు చిల్లుల్లోంచి పడుతున్న ఎండలో ఆ తుంపర నీలం పొగలా తేలి మెల్లగా వాలింది. సందులో నిలబడ్డ శేషారత్నం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెప్పవేయకుండా చూసింది.

రంగు బాగా ఆరాక ఒక సాయంత్రం ఆమే అంది, "ఎక్కండి, బయట వెలుతురులో చూద్దాం."

సరూర్‌నగర్ చెరువు పక్కన కారు ఆపారు. నీళ్ళ మీది వెలుగు తలుపు మీదా, పక్క రేకుల మీదా ఒకేలా కదులుతోంది. జంగయ్య కుడికంటితో చూశాడు, ఎడమకంటితో చూశాడు, రెండూ తెరిచి చూశాడు.

"గీ కీలు కాడ జర తేడా ఉన్నది మేడం. మళ్ళ కొట్టమంటే కొడత."

శేషారత్నం కూడా ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది. "నాకు కనపడటం లేదు. మీరు చూపించాక కూడా కనపడటం లేదు," అంది. "పోనివ్వండి. దాన్నీ ఎండకి వెలవనిద్దాం."

పొద్దుగూకేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. నీలం ఊదాగా మారింది, ఊదా బూడిదయింది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. జంగయ్య ఎడమ పక్కనుంచి ఎక్కి, రంగు ఇంకా తడిగా ఉందన్నంత మెల్లగా తలుపు దగ్గరికి లాగాడు. సరిగ్గా పడలేదు. మళ్ళీ తెరిచి గట్టిగా వేశాడు.