ఒరగని పడవ

చప్పుడేదీ, మోటారు అసలు తిరుగుతోందా అని దానియేలు చుక్కాని వదలకుండానే అడుగుచెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు, సన్నగా అదురుతోంది, తిరుగుతోంది, రేవు అప్పుడే వెనకబడింది, ఎదుటి అడ్డచెక్క మీద సుందరి పడవ అంచులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుంటుంది, పెళ్ళయిన కొత్తలో ఇదే పడవలో వైనతేయ పాయ దాటుతుంటే తెరచాపకి పైరగాలి విసురు తగిలి పడవ ఒరిగి నీళ్ళు అంచు దాకా వచ్చాయి, అంతే, ఆ తర్వాత లంకలో అక్కగారింటికి కూడా ఆటోలో చుట్టూ తిరిగి వెళ్ళిందే గానీ భర్త పడవెక్కింది లేదు, ఇప్పుడేమో తెరచాప తాళ్ళు లాగడానికి తన భుజాలు మొరాయిస్తున్నాయి, రిసార్టు కాశీవిశ్వనాథంగారు పడవను కోయించి భోజనాల బల్ల చేయిస్తానంటున్నారు, మోటారు పెట్టుకుంటానని తనంటే, పెట్టుకోండి, ఒక్కసారి ఎక్కుతాను, లంక చేరేలోగా ఒరిగిందా, ఆయ్, రేపే ఆయనకి కబురెట్టేస్తాను అంది సుందరి, బ్యాటరీ ఆటోలు బాగుచేసే నాగసతీష్ మోటారును పడవ కడుపులో బిగించాడు, బ్యాటరీలెక్కడ పెట్టమంటారండీ అంటే తనే చూపించాడు, పడవ ఒరగకుండా బరువుకి ఇసుక బస్తాలు వేసే చోట, అడుగున, సరిగ్గా నడిమధ్య.

గాలి లేచింది, ఎదురుగాలి, దేవుడా ఇప్పుడే లేవాలా, ఎదురుగాలికి తిన్నగా వెళ్ళకూడదు, కాసేపు ఈ ఒడ్డు వైపు, కాసేపు ఆ ఒడ్డు వైపు వంకరగా ఎక్కాలి, ఆ విద్య చేతికి తెలుసు, అందుకే మనసునడక్కుండానే చెయ్యి చుక్కాని తోసేసింది, పడవ మూతి తిరిగింది, తెరచాప కొయ్య తలకి తగులుతుందని గభాలున వంగాడు, ఒరిగే పక్కకి ఎదురుగా ఒళ్ళు వాల్చేశాడు, తీరా చూస్తే కొయ్యా చాపా ఇంటి చూరు కింద హాయిగా పడుకుని ఉన్నాయి, పడవ నిమ్మకు నీరెత్తినట్టు పోతోంది, ఒరిగింది దానియేలొక్కడే, సుందరి కళ్ళు తెరిచింది, ఏవండీ, అంతలా వంగేరు, ఒడ్డున పాస్టరుగారు గానీ కనిపించేరేటండీ, తలకి కొయ్య తగులుద్దని అన్నాడు సిగ్గుపడి, ఏ కొయ్యండీ అని పైకి చూసి ఆమె పకపకా నవ్వింది, లంక ఎదురుగా కనపడతంటే ఆ వంకర్లెందుకండీ, తిన్నగా పోనివ్వండి అని చెయ్యి చాపింది.

తిన్నగా పోనిచ్చాడు, రెండో చెయ్యి కూడా అంచు వదిలేసిందని ఆమెకి తెలీదు, ఆ మాట ఎత్తితే మళ్ళీ పట్టుకుంటుందేమోనని ఊరుకున్నాడు, చెప్పకుండా వెళ్తున్నాం, అక్క ఏం కూరొండిందో, ఈ నీళ్ళు చల్లగా భలేగున్నాయండీ, అంటూనే ఉంది, మోటారుకి గొంతు లేదు గనక ఒక్క మాటా పోకుండా వినిపిస్తోంది, లంక మట్టికి పడవ మూతి మెత్తగా ఆనింది, ఒరగలేదు, నెగ్గాడు, నెగ్గానని అరవాలనిపించలేదు, ఇదేమిటి, ఇన్నాళ్ళు దీని కోసమే కదా తను తిండీ నిద్రా మానుకున్నది అని తనని తాను అడుగుతుండగానే తెలిసిపోయింది, ఇన్నేళ్ళూ ఆ ఎదుటి చెక్క ఖాళీగా ఉండటమే తనని తినేసింది, ఇక కాశీవిశ్వనాథంగారు పడవను బల్ల చేయించుకున్నా సరే, దాని ముందు తనూ సుందరీ పక్కపక్కన కూర్చుని భోంచేసి వస్తారు.