ఊరికే

నా కళ్ళకు తెలుగు అక్షరాలు ఎప్పుడూ కాస్త కదులుతూనే కనిపిస్తాయి. బెంజ్ సర్కిల్ దగ్గర డీటీపీ సెంటర్లో ఏళ్ళ తరబడి శుభలేఖలూ, కరపత్రాలూ, కాలేజీ నోట్సులూ కొట్టీ కొట్టీ అలా అయింది. మధ్యాహ్నం కరెంటు పోయి తెర నల్లబడితే ఆ నలుపులో ఇంకా గుడులూ కొమ్ములూ తేలుతుండేవి. "రాజేశ్వరి గారూ, ఏ లోకంలో ఉన్నారండీ" అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. నా లోకంలో నేనున్నాను, మీకేం పోయింది అనుకునేదాన్ని.

2003లో ఆ అక్షరాలు నిజంగానే ఎగిరిపోయాయి.

మా నాన్న వెంకటప్పయ్య పెడనలో నేతపని చేసినవాడు. ఆడవాళ్ళు నూలు తోడుతూ పాడుకునే పాటలంటే ఆయనకు ప్రాణం. మగ్గం దించేసి భవానీపురంలో మా ఇంటికి వచ్చేశాక, గుర్తున్నవీ, ఇల్లిల్లూ తిరిగి పాడించుకున్నవీ అన్నీ నాకు చెప్పి కంప్యూటర్లో కొట్టించాడు. పాడినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నాన్నకూ మరుపు ఎక్కువవుతోంది. ఆ పాటలకు ఇక నా ఫైలే దిక్కు.

నేను వాడే తెలుగు ఫాంటు ఒక హైదరాబాదు కంపెనీది. కంప్యూటర్ వెనక డాంగిల్ అనే బొటనవేలంత తాళం గుచ్చితే తప్ప తెరుచుకోదు. ఒక వానరోజు దగ్గర్లో పిడుగు పడి ఆ తాళం మాడిపోయింది. ఫోన్ చేస్తే అసలు ఆ కంపెనీయే లేదు. ఫైలు తెరిస్తే తలకిందుల ప్రశ్నార్థకాలూ, డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలూ. నమూనాకి ప్రింటు తీసిన నాలుగు పేజీలే మిగిలాయి. నాన్న ఆ తెర ముందు చాలాసేపు కూర్చునేవాడు. "పాటలు నిద్రపోయాయిలే అమ్మా" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది.

వెతగ్గా వెతగ్గా ఇంటర్నెట్లో ఒక ఆస్ట్రేలియా ఆయన పేజీ దొరికింది. పేరు డెస్మండ్, ఊరు బల్లరాట్. గొర్రెల పెంపకందారుల ఇంట పుట్టి ప్రోగ్రాములు రాసేవాడయ్యాడు. ఆ పేజీలో బొమ్మ ఒక్కటి లేదు, అభిప్రాయాలు మాత్రం గంపెడు. సెల్‌ఫోను పెట్టుకుని తిరిగే మనిషి, మెడలో గంట కట్టిన గొర్రె ఒకటేనట. ప్రోగ్రాము కూడా సైకిలులా ఉండాలట, ఏ భాగం ఎలా తిరుగుతోందో కనపడాలి, చెడితే ఎవరైనా బాగుచేసుకోగలగాలి. జనం మాట్లాడే భాషకు తాళం వేసి అమ్ముకోవడం కన్నా సిగ్గుమాలిన పని లేదట. నీ తప్పు చూపించినవాడే నీ అసలు నేస్తం, కూర్చోబెట్టి టీ ఇవ్వమన్నాడు. గంట ఉంటే గొర్రె తప్పిపోదు కదయ్యా అని నేను తెరతో వాదించేదాన్ని. ఆ వాదనలో హాయిగా ఉండేది.

వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకు నా గోడు రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఆ పాడైన ఫైలూ, నాలుగు పేజీలూ పంపమన్నాడు. "నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. అదే మంచిది, ఊహించి పాడుచెయ్యను" అన్నాడు. ఏ పిచ్చి గుర్తు ఏ అక్షరమో పోల్చి చూసుకుంటూ పోయాడు. ఈ కొక్కెం ఒకచోట పైన, ఒకచోట కింద ఎందుకుంది అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఆ రోజుల్లో నాకు కునుకు పడితే చాలు, కృష్ణ ఇసుకలో గొర్రెల మంద కనిపించేది. ఒక్కో గొర్రె వీపు మీద ఒక్కో ఒత్తు. మంద నీళ్ళ దాకా వెళ్ళి, తాగి, వరసగా నిలబడితే అది ఒక పాటయ్యేది.

ఒకనాడు మెలకువలోనే, డెస్మండ్ పంపిన ఫైల్లో పాట వచ్చింది. నాన్నను పిలిచి చదివాను.

"పోగు తెగితే ముడేతునే, పొద్దు తెగితే ఏమేతునే
పగటి మగ్గం ఆగితేను పాటకెవరే తాళమేసేరు"

నాన్న ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

డెస్మండ్ ఆ ప్రోగ్రామును అందరికీ వదిలేస్తానన్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ సంగతి చెబుతూ ప్రోగ్రాము మొదట్లో పెట్టడానికి తెలుగులో ఒక వాక్యం రాసిమ్మన్నాడు. 'ఉచితం' అని రాసి అర్థం చెప్పాను. డబ్బు సంగతి కాదు, మనిషికి ఉండే స్వేచ్ఛ లాంటిది అన్నాడు. 'స్వేచ్ఛ' అని పెడితే నాన్న నవ్వాడు.

"అది మైకులో చెప్పే మాటమ్మా. మనింట్లో ఎవరన్నారు?"

"మరేమనాలి నాన్నా? అలా ఇచ్చేస్తే?"

"ఊరికే ఇచ్చాడంటాం."

'ఇది ఊరికే' అని పంపాను. డెస్మండ్ దాన్ని మెల్‌బోర్న్‌లో పెరిగిన ఒక తెలుగు విద్యార్థికి చూపించాడు. ఆ సగం తెలుగు పిల్లాడు మాటను రెండు ముక్కలు చేసి, ఊరికే అంటే ఊరికి మాత్రమే, అంటే ఇది ఊరిది అని చెప్పాడు. డెస్మండ్ పొంగిపోయాడు. "ఇన్ని వ్యాసాలు రాసీ నేను చెప్పలేకపోయింది మీ భాష ఒక్క మాటలో చెప్పింది" అని రాశాడు. నాకు నవ్వు ఆగలేదు. నాన్న మాత్రం నవ్వలేదు.

అప్పటిదాకా నాన్న కోరిక వేరు. ఈ పాటలు పుస్తకంగా వేస్తే దాని సర్వహక్కులూ తన పేర ఉండాలి. నేసిన చీరల్లో ఒక్కదాని మీదా తన పేరు లేదని, దీనిమీదైనా ఉండనీ అని ఎన్నోసార్లు అన్నాడు. ఆ కోరిక తప్పని నేనెన్నడూ అనుకోలేదు.

"ఆ పిల్లాడు తప్పు చెప్పలేదమ్మా" అన్నాడు ఇప్పుడు. "వాళ్ళు నాకు ఊరికే పాడారు. నేను ఆ పాటలకు గొళ్ళెం పెడితే ఏం బావుంటుంది? ఇచ్చెయ్యి."

తీసుకోండి కాని పేరు చెరపకండి అన్నది డెస్మండ్ అభిప్రాయాల్లో ఒకటి. కాబట్టి ప్రతి పాట కింద పాడినవాళ్ళ పేరు, చివర్లో సేకరించినవాడుగా నాన్న పేరు పెట్టాం. ఆ మగ్గం పాట దగ్గర ఆగాను.

"ఇదెవరు పాడారు నాన్నా?"

"గోడవతల పాడేది. నేను మగ్గం గుంటలో కూచుని నేస్తుంటే వినిపించేది. పక్కింటి కోడలు. పరాయింటి ఆడమనిషి పేరు ఎట్టా అడుగుతామమ్మా?"

'పాడినవారు: గోడ అవతలి ఇల్లు' అని కొట్టాను. పాటలన్నీ నమూనా ఫైలుగా డెస్మండ్ ప్రోగ్రాముతో పాటే లోకం మీదికి వెళ్ళాయి. ఎవరెవరో దించుకున్నారు. పాటల కోసం కాదు, పాత ఫైళ్ళు తెరుచుకోవడానికి.

ఏడాది దాటాక ఉయ్యూరు నుంచి ఒక మెయిల్ వచ్చింది. రాసినావిడ పేరు తిరుమల, కాలేజీలో పాఠాలు చెబుతుంది. తన పాత నోట్సు తెరుచుకోబోతే మా పాటలు కనిపించాయట. నాయనమ్మకు చదివి వినిపించిందట.

నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. "గోడ అవతలి ఇల్లు తమదేనని మా నాయనమ్మ అంటోందండీ. పెడన నుంచి మేం ఇటు వచ్చేసి చాలా కాలమైంది. ఆవిడ పేరు రావమ్మ, అలా వెయ్యమంది. ఇంకోటి, పాటలో తప్పుందట. 'పగటి మగ్గం' కాదట, 'పక్క మగ్గం' అట. దిద్దమంది."

పెడనలో ఆ ఇంటికి ఒకవైపు కాలవ. రెండోవైపు ఉన్న మగ్గం నాన్నది. గోడ అడ్డమై ఇన్నేళ్ళూ ఒక్క మాట తప్పుగా వినబడింది.

"రావమ్మ" అన్నాడు నాన్న, పేరు ఎలా ఉందో చూసుకుంటున్నట్టు. నాకు ఆయన మొహం వంక చూడాలంటే బిడియమేసింది. తెర వైపే చూస్తూ 'పగటి' చెరిపి 'పక్క' అని కొట్టాను. కొత్త వరసను ఒకసారి పైకి చదివాను. పక్క మగ్గం ఆగితేను పాటకెవరే తాళమేసేరు.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మగ్గం దించేసి వచ్చేటప్పుడు, ఆ ఇంట్లో ఒక్క మాట చెప్పి రాలేదమ్మా."