గోల్‌లో నిలబడ్డ యలమంద

మా పక్క పొలం యలమంద నలభై ఆరేళ్లకి గోల్‌కీపర్ అయ్యాడు. అప్పటిదాకా బంతి ముట్టుకుని ఎరగడు.

కూతురు శ్రీదివ్య పదో తరగతి. ఫుట్‌బాల్ బాగా ఆడుతుంది. ఒంగోలులో సెలక్షన్లు పెట్టారు. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి ఛాన్సు. గోల్ కొట్టడం ప్రాక్టీసు చెయ్యాలంటే ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి కదా. తోటి పిల్లలేమో పత్తి తీతలకి పోతున్నారు. అందుకని తండ్రే నిలబడ్డాడు.

ఊరి చివర ఖాళీ నేల చెక్కలో రెండు సుబాబుల్ కర్రలు పాతుకున్నారు. మొదట్లో బంతి వస్తుంటే యలమంద కళ్లు మూసుకుని వీపు తిప్పేవాడు.

"నాన్నా, అది కందిరీగ కాదు. కళ్లు తెరిచి చూడు" అనేది ఆ పిల్ల.

టీకొట్టు దగ్గర పానకాలు ఊరుకుంటాడా. "ఏరా, చేలో పురుగుని ఆపలేనోడివి, బంతినేం ఆపుతావురా?" అన్నాడు. అందరం నవ్వాం. యలమంద కూడా నవ్వాడు.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మోకాళ్లు వంచడం, బంతిని గుండెలకి హత్తుకోవడం, దెబ్బ తగలకుండా పక్కకి పడటం. కీపర్లు బంతి జారకుండా గ్లౌజుల మీద ఉమ్మేసుకుని రుద్దుకుంటారట, అదీ పట్టాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి నేలమీద పొర్లి లేచి, మట్టి కూడా దులుపుకోకుండా "ఇంకోటి కొట్టమ్మా" అంటున్నాడు. ఆ తర్వాతది ఆపాడు కూడా.

గ్లౌజులంటే మిరపకి మందు కొట్టేటప్పుడు వేసుకునే గుడ్డ గ్లౌజులే. మా వైపు అందరం అంతే. కాలవలో ఒకసారి జాడిస్తే మందు పోయినట్టే లెక్క.

సెలక్షన్ ముందురోజు పొద్దుటినుంచీ తామర పురుగుకి మందు కొట్టి, సాయంత్రం అవే గ్లౌజులతో చెక్కలోకి వచ్చాడు. ఒళ్లంతా చెమట. ప్రతి బంతికీ గ్లౌజు నోటి దగ్గరికి తీసుకుపోవడం, ఉమ్మి రుద్దడం, దాంతోనే మూతి తుడుచుకోవడం. కాసేపటికి చూపు మసగ్గా ఉందన్నాడు. ఆ తర్వాత వాంతులు, చొంగ, వణుకు. శ్రీదివ్య కేకలేస్తే పరిగెత్తాను. ఆటోలో టౌను ఆసుపత్రికి తీసుకుపోయాం.

పురుగుమందు వాసన తగలగానే నర్సు అడిగింది, ఎంత తాగాడని. డాక్టరూ అదే అడిగాడు. మందు వాసనతో రైతు వస్తే అక్కడ ఇంకో ప్రశ్న ఉండదు. తాగలేదు, గోల్‌లో నిలబడ్డాడని పిల్ల చెబితే ఆయన రాస్తున్న చీటీ మీంచి తలెత్తలేదు. పోలీసులొచ్చి ఇంట్లోవాళ్ల మాట రాసుకుంటారన్నాడు.

యలమంద భార్య వెంకటేశ్వరమ్మ వచ్చింది. పోయిన ఏడు మిరప మొత్తం పోయింది, ఆమె భయం ఆమెది. కూతుర్ని పక్కకి లాగి మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు తల్లీ. మీ నాన్న తాగాడా?"

తల్లి మొహం వంక చూసి, శ్రీదివ్య వచ్చి బల్లమీద కూర్చుంది.

తెల్లారాక ఒంగోలు బస్సెక్కిస్తాను పద అన్నాను. తల్లి కూడా పొమ్మంది. ఆ పిల్ల కదల్లేదు.

"నేను పోతే పోలీసులకి అమ్మేం చెప్పిద్ది పెదనాన్నా? తాగాడనే చెప్పిద్ది. చూసింది నేనొక్కదాన్నే."

ఒంగోలులో ఆట మొదలయ్యే వేళ దాటిపోయింది. బూట్ల సంచి ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. ఎండెక్కాక కానిస్టేబుల్ వచ్చాడు. ఈ వయసులో గోల్‌కీపరేంటమ్మా అన్నాడు. ఆ పిల్ల లేచి నిలబడి, గ్లౌజు మీద ఉమ్మడం దగ్గర్నుంచి మూతి తుడుచుకోవడం దాకా చేసి చూపించింది. ఆయన రెండోసారి మళ్లీ చేయించుకుని, పొరపాటున జరిగిందని రాసుకున్నాడు.

రెండ్రోజులకి యలమంద కళ్లు తెరిచాడు. అడిగిన మొదటి మాట, సెలెక్టయ్యావా అని.

"పోలేదు నాన్నా. నువ్వు తాగలేదని చెప్పాలిగా."

యలమంద దిండు మీంచి తల కాస్త ఎత్తాడు.

"ఎవరికమ్మా?"

"అమ్మకి."

వెంకటేశ్వరమ్మ మజ్జిగ గ్లాసుతో తలుపు దగ్గరే ఉంది. విన్నది. లోపలికి రాలేదు.