మూడు గాజుల అంచు

జోగులమ్మత్త కంప్యూటర్ తెర మీద చెయ్యి పెట్టింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాచిన జాన. తన చేత్తో నేసిన అంచే ఆ ఫోటోలో ఆమె జానను దాటి, తెర కొసను కూడా దాటి, ఎటో కనబడని చోటికి పోయింది.

"నా అంచు జానెడు. ఇది మూరెడున్నది. నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్ గద పిల్లా!"

నాకు భయం వేయలేదు. ఒళ్లంతా చురుకు పుట్టింది. ఎందుకంటే పక్క కంప్యూటర్లో అదే ఫోటో, అదే పేజీ, నాలుగు వేళ్ల వెడల్పే ఉంది.

అది రెండు వేల ఆరు. గద్వాలలో నేను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లు. మనుషులతో మాట్లాడటం తప్పించుకోవడానికే ఆ పనిలో చేరాను. అత్త మా వీధి మనిషి. ఆమె చీరలకు ఒక పేజీ చేసిపెట్టాను. అది చూసి బెంగళూరు నుంచి పార్వతమ్మ అనే ఆవిడ ఏడు చీరలు అడిగింది. షావుకారు నడుమ లేకుండా అత్తకు వచ్చిన మొదటి బేరం. ఆ బేరం పోతే అత్త మళ్లీ షావుకారు మగ్గం మీదికే.

ఆ ఉదయం పార్వతమ్మ ఫోన్ చేసింది. ఆమె పుట్టిల్లు మా పక్కనే రాయచూరు, మాటా మా లాంటిదే.

"ఏమమ్మా స్వరూపా, మా ఇంట్ల కంప్యూటర్ల అంచు నాలుగు వేళ్లంత ఉన్నది. మా ఆయన ఆఫీసుల తడికంత ఉన్నది. నాకు వచ్చేది ఏది?"

"జానెడని రాసిన కదమ్మా."

"ఎవరి జాన? మా ఆయన జాన దోసె పెనమంత, నాది వడంత!"

"ఎనిమిది ఇంచులమ్మా."

"రాసుడేముంది, ఎవరన్న రాస్తరు. మొన్న ఒకడు ఎనిమిదని రాసి ఆరు పంపిండు. ఏడుగురు వదినెలకు పెట్టేటివి ఇవి. తేడా వస్తే చచ్చేదాక మాట్లాడరు. నా కండ్లకు కనబడాలె. పన్నెండు దాక చూస్త."

మధ్యాహ్నం మగ్గానికి కొత్త పడుగు పోగులు అతికే మనిషి అత్త ఇంటికి వస్తాడు. ఒకసారి పోగులు అతికాక అంచు వెడల్పు మారదు. అంతలోపల బేరం తేలాలి.

రెండు తెరల మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను పేజీ తయారుచేసిన కంప్యూటర్లో నక్క బొమ్మ బ్రౌజర్. అత్త కూర్చున్నదాంట్లో నీలం 'ఈ' బొమ్మది. తెర మీది బొమ్మంతా చుక్కల కూర్పే; ఈ ఫోటో వెడల్పు పదహారు వందల చుక్కలు. 'నాలుగు వందల చుక్కలు దాటొద్దు' అని నేను పేజీలో రాశాను. నక్క ఆ మాట చదివి ఆగింది. మరి రెండోది?

రాసిన వరుసలు ఒక్కొక్కటే తీసి చూశాను. ఆ వరుస తీసేస్తే నక్కలో కూడా అంచు తెర దాటి పోయింది. నీలం దాంట్లో మాత్రం ఏమీ మారలేదు. దొరికింది! దానికి 'దాటొద్దు' అనే మాటే తెలియదు. తెలియని మాట ఎదురైతే అది అడగదు, తప్పని చెప్పదు, వదిలేసి ముందుకు పోతుంది.

ఇంట్లో మా అన్న ముందు నోరెత్తలేక ముడుచుకుపోతాను. ఈ కుర్చీలో కూర్చుంటే గదంతా నిండుతాను. ఎదుటివాళ్లు నా మాట కావాలనే దాటేస్తున్నారని ఎన్నేళ్లు కుమిలాను! వాళ్లలో ఎంతమందికి అసలు నా మాట అర్థమే కాలేదో!

'దాటొద్దు' కొట్టేసి, మా తెర మీద జానెడయ్యేలా, రెండింటికీ తెలిసిన మాటలో 'సరిగ్గా ఏడు వందలు' అని రాశాను. రెండు తెరల మీదా ఒకటే అంచు, అత్త జానంత.

"అత్తా, దొరికింది!" అని గంతేశాను.

పార్వతమ్మకు ఫోన్ చేశాను. ఆమె స్కేలు పట్టుకునే కూర్చున్నట్టుంది.

"తెర మీద పెట్టి చూస్తున్న. ఆరు ఇంచులే."

నీరుగారిపోయాను. చుక్కల లెక్క ఒకటే, కానీ ఆమె తెర మీద చుక్కలు సన్నవి, మా పాత తెర మీద పెద్దవి. ఏ తెర ఎంతదో నాకేం తెలుసు? గడియారం పదకొండున్నర.

"ఈ డబ్బాతోని ఏం పరేషాన్ బిడ్డా! ఇగో, గింత!" అని అత్త సంచిలోంచి చీర లాగి, బల్ల మీద పరిచి, అంచు మీద జాన వేసి కొట్టింది. ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి.

గాజులు.

"అత్తా, నీ గాజులు ఏ సైజు?"

"రెండు ఆరు. ఏంది?"

"మూడు తియ్యి, జర జల్ది!"

"పట్టపగలు గాజులు తీయమంటవా? మీ మామ ఇంక బతికే ఉన్నడే!"

"చేతినిండ ఉన్నయి గదా. మూడే తియ్యి!"

గొణుక్కుంటూనే తీసింది. అంచుకు అడ్డంగా, ఒకదానికొకటి తగిలేలా వరసగా పెట్టాను. మూడో గాజు సరిగ్గా అంచు కొసకు ఆనింది. సెంటర్ కెమెరాతో ఫోటో తీసి పేజీలో పెట్టాను. ఇప్పుడు తెర ఎంతన్నా చేసుకోనీ. అంచు పెరిగితే గాజులూ పెరుగుతాయి, తగ్గితే అవీ తగ్గుతాయి.

పన్నెండుకు అయిదు నిమిషాలు.

"అమ్మా, పేజీ మళ్లీ తెరువుండ్రి. అవి రెండు ఆరు సైజు గాజులు. మూడు పడుతయి."

అవతల గాజులు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతున్న శబ్దం. ఒకటి. రెండు. మూడు.

"హౌదా! నిజమేనా!" అంది పార్వతమ్మ. "నావీ రెండు ఆరే! గింత వెడల్పా? మా పెద్దొదినె కుళ్లి చస్తది. నేయమను, ఏడూ గట్లనే నేయమను!"

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. అత్త చీర చుట్టి చంకన పెట్టుకుని, పోగులు అతికే మనిషి వచ్చే వేళైందని అప్పటికే మెట్లు దిగుతోంది. గాజులు బల్ల మీదే మరిచిపోయింది. మూడూ గుప్పిట్లో పట్టుకుని, సెంటర్ తలుపు కూడా వేయకుండా, "అత్తా, అత్తా!" అని బజారంతా వినబడేటట్టు అరుస్తూ ఆమె వెంట పరుగెత్తాను.