తెగులాకులు

రేపల్లె అవతల మడ అడవి నుంచి శ్రావ్య తెచ్చిన ఫెర్న్ మొక్కను బాపట్ల కాలేజీ ల్యాబులో బర్నబాస్ సార్ అటూ ఇటూ తిప్పి చూశారు. ఆకులన్నీ శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"సిద్ధబీజాలేవమ్మా? ఆకు అడుగున అవెలా పరుచుకున్నాయో చూడకుండా ఇది ఏ ప్రజాతో ఎలా చెప్పను?"

పై రెబ్బల అడుగంతా తుప్పురంగు పొడి కనిపిస్తే శ్రావ్యే అక్కడ తుంచేసింది. దుగ్గిరాల పసుపు రైతు కూతురాయె, మచ్చ కనిపిస్తే చెయ్యి ఆగదు.

"తెగులనుకున్నానండి."

సార్ కుర్చీలో కూలబడ్డారు. "మళ్లీ మోకాళ్లలోతు బురదలో దిగాలన్నమాట. అక్కడే పారేశావా?"

"లేదండి. తెగులాకు చేలో వదిలితే నాన్న ఊరుకోరు. బయటికి తెచ్చి కాల్చాలంటారు. ఊరికెళ్లే తెనాలి బస్సు తొందరలో కాల్చడం మర్చిపోయా," అంటూ సంచిలోంచి కాగితం పొట్లం తీసింది.

సార్ భూతద్దం పెట్టారు. రెబ్బ అడుగున సూదిమొనంత ఖాళీ లేకుండా సిద్ధబీజాలే.

"ఇలా అడుగంతా పరుచుకున్నాయంటే అక్రోస్టికమ్ ప్రజాతే!" అని పసిపిల్లాడిలా అరిచి, లేబుల్ అందుకున్నారు.

"మీ నాన్నగారి పేరేంటమ్మా?"

"హనుమయ్యండి."

సేకరించినవారు అన్నచోట శ్రావ్య పేరు రాసి, దాని పక్కనే ఆ పేరూ రాశారు.