నూట పదమూడో భాగం

లైట్‌హౌస్ తలుపు ఎవరో మూడుసార్లు కొట్టారు. కావలి మనిషి లాంతరు పట్టుకుని మెట్లు దిగి, "ఎవరది?" అని అడిగింది. అంతే. మరుసటి వారానికి రేడియో స్టేషనే మూతపడింది. అప్పుడు అక్కకు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. వారం వారం రేడియోకు చెరోవైపు చతికిలబడి విన్న నాటకం నూట పన్నెండో భాగంతో నోరు మూసుకుంది. తలుపు కొట్టింది ఎవరురా అని అక్క ముప్పై ఏళ్లుగా అప్పుడప్పుడూ నన్ను అడుగుతూనే ఉంది, నేనేదో దాచిపెట్టినట్టు.

ఆ నాటకం పిచ్చి మా ఇద్దరికే కాదని నిరుడు తెలిసింది. ఫోన్‌లో ఒక గ్రూపు దొరికింది. అందులో అందరం కలిసి ఏడుగురం. ఆఖరి భాగాన్ని మనమే తయారు చేద్దామని ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారు పూనుకుని స్క్రిప్టు రాశారు. బేకరీ నడిపే ఒకావిడ కావలి మనిషికి గొంతిచ్చింది. చప్పుళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. అడుగులు, తాళంచెవులు, అలలు, వాన. నేను కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. వెంట్రుకవాసి తేడాకు కూడా ఒప్పుకోని మనిషి కదా, ఇతనైతే బాగా చేస్తాడని అనుకున్నారు. నాలాంటివాడికి అప్పగిస్తే ఏ పనీ ఒక పట్టాన తెమలదని పాపం వాళ్లకు తెలియదు.

అక్కకు ఎడమ చెవి చిన్నప్పుడు వచ్చిన జ్వరంతోనే పోయింది. ఉన్న ఒక్క కుడిచెవి లోపల, నరం మీద గడ్డ ఉందని చలికాలంలో బయటపడింది. తీయకపోతే ప్రాణానికి ముప్పు. తీస్తే ఆ కాస్త వినికిడీ పోతుంది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పి, మూడు నెలల తర్వాత పద్దెనిమిదో తారీఖు, బుధవారం ఆపరేషన్ అంది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఏమైనా సరే, ఆ బుధవారంలోగా అక్క నూట పదమూడో భాగం వినాలి.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లు కాదు. చెక్క బీరువాలో బట్టలన్నీ మంచం మీద పడేసి, లోపల దుప్పట్లు మేకులతో బిగించి మైకు పెట్టాను. రికార్డింగ్ మొదలైందంటే ఫ్యాన్ ఆగాలి, ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. అక్క కర్టెన్లు కుట్టి ఇస్తుంటుంది. మిషన్ తొక్కితే గోడ అదురుతోందని, నేను దుకాణంలో ఉన్నప్పుడే కుట్టుకోమన్నాను. సరేనంది. సాయంత్రం నేను వచ్చాక ఏదో చెప్పబోయేది. నేను పెదాల మీద వేలు పెట్టేవాణ్ణి. ఒకసారి వంటింట్లో గిన్నె జారిపడితే, పదకొండు నిమిషాల వాన పాడైపోయిందని కసిరాను కూడా. ఆమె ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని, నా పని అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

వాన నన్ను ఏడిపించింది. అసలు నాటకంలోని వాన నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అది కుండపోత కాదు, సన్నగా, రేకు మీద సూదులు రాలినట్టు పడే వాన. ఆవాలు పళ్లెంలో దొర్లించాను. నూనె కాచి అందులో నీళ్లు చిలకరించి చెయ్యి కాల్చుకున్నాను. చివరికి జల్లెడలోంచి సన్న ఇసుక బటర్ పేపర్ మీద రాలిస్తే దగ్గరగా వచ్చింది. దగ్గరగా వస్తే చాలదు కదా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మరో ఇరవై రోజులు ఇసుక మారుస్తూ పోయాను. పోస్ట్‌మాస్టర్ గారు రోజూ ఫోన్ చేసి, "ఏమయ్యా, మీ ఇంట్లో వాన ఇంకా వెలవలేదా?" అని అడిగేవారు. ఆయన మీద కూడా విసుక్కున్నాను.

పదహారో తారీఖు, సోమవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. దుకాణానికి ఆ వారమంతా సెలవు పెట్టాను. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తొడిగి, ఎదురుగా పీట వేసుకుని ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరు నిమిషాలు. నవ్వాల్సిన చోట ఆమె నవ్వలేదు. ఏమీ లేని చోట రెండుసార్లు నవ్వింది. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, చాలా బాగా వచ్చిందిరా అంది.

వాన ఎలా ఉందని అడిగాను. ఉండబట్టలేకపోయాను.

ఆమె నా వైపు తిరిగి, "వాన కూడా పడిందా?" అంది.

ఆసుపత్రి ఫైలు తెచ్చి తీశాను. వినికిడి పరీక్ష కాగితం మీద గీత, బరువైన చప్పుళ్లుండే ఎడమ అంచు నుంచి కొంతదూరం బాగానే నడిచి, సన్నవి ఉండే కుడి అంచు వైపు నిట్టనిలువునా కిందికి పడిపోయింది. సన్నని చప్పుళ్లు వినే శక్తి అప్పటికే పోయింది. వాన, తాళంచెవులు, కాగితం గరగర, బేకరీ ఆవిడ గుసగుసలు, వీటిలో ఏదీ ఆమెకు చేరలేదు. ఆ ఫైలు నేను ఇదివరకు నాలుగుసార్లు తెరిచాను. నాలుగుసార్లూ ఆపరేషన్ తేదీ చూసి మూసేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకా ఒకటిన్నర రోజుంది, అన్నీ బరువైన చప్పుళ్లుగా మార్చేస్తాను, వానకు బదులు ఉరుములు పెడతాను అంటూ గబగబా చెప్పి, ఫ్రిజ్ ప్లగ్గు తీయడానికి లేచాను. అక్క నా చొక్కా పట్టుకుని ఆపింది.

"తలుపు కొట్టింది ఎవరో నేనెప్పుడో తేల్చేసుకున్నానురా," అంది. "నిన్ను మాట్లాడించడానికే అడుగుతుండేదాన్ని. మూడు నెలల నుంచి నువ్వు నాతో మాట్లాడటం లేదు. నీ గొంతు నాకింకా వినబడుతోంది. ఇలా కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు."

దుకాణంలో నన్ను వాగుడుకాయ అంటారు. ఆ కబుర్లలో ఒక్కటీ ఇంటికి తేలేదు. చెవి కోసం అంత చేస్తున్నానని విర్రవీగి, ఆ చెవికి మిగిలిన మూడు నెలలూ నా నోరు నేనే కట్టేసుకున్నాను. ఎంత ఏడ్చినా ఆ రోజులు తిరిగి రావు.

కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని, కుడిచెవి దగ్గరికి జరిగి మొదలుపెట్టాను. ఒక ముసలాయన ఎవరివో కళ్లద్దాలు పెట్టుకుని ఇంటికెళ్లి, భార్య పడుచుదైపోయిందని సంబరపడి మళ్లీ వచ్చిన సంగతి చెప్పాను. అక్క పగలబడి నవ్వింది. అరవక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలంది. మా ఓనరు నత్తి గురించి, బస్సులో కొత్త కండక్టరు గురించి చెప్పాను. పోస్ట్‌మాస్టర్ గారి ఫోన్ మోగింది. తీయలేదు.

మంగళవారం కూడా అదే పని. మధ్యాహ్నానికి నా దగ్గర సరుకంతా అయిపోయింది. ఇక చెప్పడానికేం లేదక్కా అన్నాను.

"ఊరికే పిలు. అలాగే, అక్కా అని."

పిలిచాను. ఆమె "ఆఁ" అంది. మళ్లీ పిలిచాను. సాయంత్రం దాకా వంటింట్లోంచి, వీధి గుమ్మంలోంచి, పక్క గదిలోంచి పిలుస్తూనే ఉన్నాను. వినబడని చోట పలికేది కాదు. అప్పుడు దగ్గరికి వెళ్లి పిలిచేవాణ్ణి. బుధవారం పొద్దున స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, పక్కనే నడుస్తూ ఇంకోసారి పిలిచాను.

"ఆఁ," అంది.